దొరగారి తార ఎవరెత్తుకెళ్లారు?

"ఈ ఇంగ్లాండు మొత్తం మీద నేరాన్ని వాసన పట్టగల బుర్రలు రెండే రెండు ఉన్నాయి, హ్యూబర్ట్. ఒకటి నాది. రెండోది ఎవరిదో నేనింకా కనిపెట్టలేదు."

ఈ ప్రకటన చేసే సమయానికి కత్‌బర్ట్ పాబ్‌జాయ్ హ్యూబర్ట్ టాప్లీ అని బోర్డున్న నా క్షవరశాల కుర్చీలో మెడదాకా తెల్లగుడ్డ కప్పుకుని, ముఖం నిండా సబ్బు నురగతో కూర్చుని ఉన్నాడు. చివరి మాట అనేసరికి నురగ నోట్లోకి పోయింది. ఉమ్మేసి, ఆ పని కూడా ఏదో పథకం ప్రకారమే చేసినట్టు నావైపు గంభీరంగా చూశాడు.

పాబ్‌జాయ్ ముప్పై ఏళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేశాడు. మా ఎల్డర్‌విక్‌లో ఏ మాంసం కొట్టు తక్కెడ ఎంత దొంగదో చిటికెలో చెప్పేవాడు. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గాని, "ఇన్‌స్పెక్టర్" అనే పిలుపు మిగిలింది. ఆ ఒక్క మాట పట్టుకుని డిటెక్టివ్ అయిపోయాడు. క్రిందటి ఏడు పాలసీసాలు మాయమవుతుంటే పదహారు రోజులు కాపు కాసి, పాలవాణ్ణే దొంగగా పట్టుకున్నాడు. పాపం, పాలవాడు ఖాళీ సీసాలు తీసుకుపోతున్నాడు.

అతనికి స్నేహితుణ్ణి కావడం నేను చేసుకున్న పుణ్యం. అందులో తప్పు మా అమ్మది. బడిలో పంతులమ్మగా మా ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది ఆవిడే.

సగం గడ్డం గీశానో లేదో, తలుపు గంట కొట్టుకుంది. లోపలికొచ్చిన మనిషి డోర్కాస్ మన్. హాల్ అని మేం పిలిచే దొరగారి బంగళాలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఇల్లు నడిపే మనిషి. ఆవిడ తలమీద టోపీ లేకుండా వీధిలోకి రావడం నేనెన్నడూ చూడలేదు. ఆరోజు టోపీ లేదు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, మీరిక్కడున్నారని చెప్పారు. తార పోయింది."

పాబ్‌జాయ్ కుర్చీలోంచి ఎగిరాడు. నా కత్తి అతని చెవికి వెంట్రుకవాసిలో తప్పింది.

"ఏ తార? సినిమా తారా? వయసెంత? చివరిసారి ఎవరితో కనిపించింది?"

"మనిషి కాదయ్యా! దొరగారి గార్టర్ తార! రాణిగారిచ్చిన పతకం!"

"గార్టర్ అంటే మేజోడు జారకుండా కాలికి కట్టుకునే పట్టీ కదా? అయితే ముందు బట్టలారేసే తాడు దగ్గర వెతకాలి."

ఆవిడ నావైపు చూసింది. నేను కత్తి తుడుచుకున్నాను.

సంగతి ఇదీ. మా ఎల్డర్‌విక్ ప్రభువు పుట్టినప్పుడు వట్టి అగస్టస్ ఫెన్నిమోర్. నాన్న గుర్రపు జీనులు కుట్టేవాడు. కొడుకు చదివాడు, పార్లమెంటుకెళ్లాడు, మంత్రి అయ్యాడు, రెండు యుద్ధాల మధ్య దేశాల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడించాడు. అప్పట్నుంచీ బిరుదులు వానలా కురిశాయి. ముందు సర్ అన్నారు, తర్వాత ప్రభువన్నారు. పదకొండు విశ్వవిద్యాలయాలు డాక్టర్ని చేశాయి. ఏడు నగరాలు వెండి పళ్లేల్లో తాళంచెవులిచ్చాయి. వాటితో ఒక్క తలుపూ తెరుచుకోదు. ఒక దేశంవాళ్లు ఏనుగు బొమ్మ వేలాడే పతకమిచ్చారు. మొత్తం నలభై ఒకటి. అన్నిటికన్నా పెద్దది గార్టర్. దాని వెండి తార ఆయన సొంతం కూడా కాదు. ఆయన తదనంతరం రాజభవనానికి తిరిగి అప్పజెప్పాలి.

మర్నాడు దొరగారికి ఎనభై అయిదో పుట్టినరోజు. ఆ సందర్భంగా ఊరి హాలులో నలభై ఒక్క బిరుదుల్నీ ప్రదర్శనకు పెట్టాలని ఆయన తమ్ముడి కొడుకు కెప్టెన్ లయనెల్ ఏర్పాట్లు చేస్తున్నాడు. పొద్దున్నే సర్దడానికి డోర్కాస్ అద్దాల బీరువా తెరిస్తే నలభయ్యే ఉన్నాయి. బీరువా తాళంచెవి డోర్కాస్ మెడలో ఉంటుంది.

"నాలుగింటికల్లా తార దొరక్కపోతే పోలీసుల్ని పిలుస్తానన్నాడు కెప్టెన్ బాబు. ఈలోగా పెట్టె సర్దుకోమన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు, టాప్లీ గారూ! నేనొక చెంచా పోగొట్టిన దాన్ని కాదు."

పాబ్‌జాయ్ సగం గడ్డంతోనే కోటు తొడుక్కున్నాడు.

"అమ్మా, మీరు ధైర్యంగా ఉండండి. పాబ్‌జాయ్ రంగంలోకి దిగాడంటే నేరస్తుడి నీడ కూడా వాడికి శత్రువే."

"మిగతా సగం గీయించుకో" అన్నాను.

"సమయం లేదు. పైగా ఎడమవైపునుంచి ఒకడిలా, కుడివైపునుంచి ఇంకొకడిలా కనిపిస్తాను. మారువేషం!"

దొరగారి బంగళా చేరేసరికి పదిన్నర. గుమ్మంలో కెప్టెన్ లయనెల్ గడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మీసం మాత్రం మంచిది. నేనే కత్తిరిస్తాను.

"ఒక్క సంగతి" అన్నాడు. "పెదనాన్నకి ఈ విషయం తెలియకూడదు. గుండె బలహీనం. ఆయన పెరటితోటలో కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నారు. అటువైపు ఎవరూ వెళ్లొద్దు."

"కెప్టెన్‌గారూ, ఆయన్నే ఒక్కమాట అడిగితే..." అన్నాను నేను.

పాబ్‌జాయ్ నా భుజం తట్టాడు, పిల్లవాడి తప్పు క్షమించినట్టు. "పోగొట్టుకున్నవాణ్ణే అడిగితే డిటెక్టివ్ ఎందుకయ్యా? బావిలో పడ్డవాణ్ణి లోతెంతని అడుగుతామా?"

మేడమీద గ్రంథాలయంలో బీరువా ఉంది. ఎర్ర మఖమలు మీద పతకాలు బారులు తీరి ఉన్నాయి. పైవరస నడుమ మాత్రం ఎనిమిది కొనల ఖాళీ మచ్చ. పాబ్‌జాయ్ భూతద్దం తీసి నేలమీద పాకాడు. తివాచీ మీద మట్టి అడుగులున్నాయి.

"హ్యూబర్ట్, చూడు! ఎడమ కాలు బరువుగా, కుడికాలు తేలిగ్గా పడింది. పక్కనే చిన్న గుండ్రటి గుంటలు. అంటే చేతికర్ర. దీన్నిబట్టి నీకేం తోస్తోంది?"

"కర్ర పట్టుకు నడిచే ముసలాయన."

"అదే! అదే వాడు మనల్ని అనుకోమంటున్నాడు. వీడు ముసలివాడిలా నటిస్తున్న యువకుడు. మంచి వ్యాయామం చేసినవాడు."

తర్వాత బీరువా అడుగున ఒక ఎండుగడ్డి పోచ దొరికింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"గుర్రం మీద వచ్చాడు."

"మేడ మీదికా?"

"అక్కడే ఉంది వాడి తెలివి. మేడ మీద గుర్రం కోసం ఎవరు వెతుకుతారు?"

డోర్కాస్ గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. కెప్టెన్ ఆవిడ ముందే నన్నడిగాడు.

"బీరువాకి ఇంకో తాళంచెవి ఉండేది. ఏడేళ్ల క్రితమే పెదనాన్న పోగొట్టారు. ఇక మిగిలింది ఈవిడ చెవే. ఇందులో కనిపెట్టడానికేముంది టాప్లీ?"

"ఆవిడ తీసుంటే మీకెందుకు చెబుతుంది బాబూ?" అన్నాను. "పొద్దున్నే పోయిందని మిమ్మల్ని లేపింది ఆవిడేగా!"

కెప్టెన్ మీసం కదిలింది. డోర్కాస్ మాత్రం మెడలోని తాళంచెవి తీసి అతని ముందు బల్ల మీద పెట్టి, మెట్లెక్కి తన గదికి వెళ్లిపోయింది. కాసేపటికి పై అంతస్తునుంచి పెట్టె ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విన్నాక నాకు పాబ్‌జాయ్ మీద నవ్వు రావడం మానేసింది. ఈ కేసులో నవ్వులాట మా ఇద్దరిదీ, బతుకు ఆవిడదీ.

మధ్యాహ్నం వరకూ పాబ్‌జాయ్ దర్యాప్తు సాగించాడు. గుర్రపుశాలలో గుర్రాన్ని ప్రశ్నించాడు. దాని పేరు డచెస్. ముసలిది, పళ్లు లేవు. గంటసేపు దానిని తప్పించుకోనివ్వకుండా చూశాడు. వంటామెను అడిగి మూడు చీజ్ శాండ్‌విచ్‌లు తిన్నాడు, "ఆకలి ఆలోచనకు శత్రువు" అంటూ. రెండు దాటింది. మూడు కావస్తోంది. వంటింటి గుమ్మం దగ్గర డోర్కాస్ పెట్టె మీద కూర్చుని ఉంది. టోపీ పెట్టుకుంది. చేతిసంచి ఒళ్లో ఉంది.

"నాలుగింటికి పావుగంట ఉందనగా నాకు చెప్పండి" అంది. "పోలీసులు వచ్చేలోపు నా అంతట నేనే బయటికి నడవాలి."

నేను పాబ్‌జాయ్‌ని పక్కకి లాగాను. "ఒరేయ్, ఇక నాటకాలు చాలు. వెళ్లి దొరగారినే అడుగుదాం. గుండె ఆగితే ఆగుతుంది."

"శ్ష్!" అని నా నోరు మూశాడు. అతని చూపు పెరటితోట గోడ వైపు ఉంది.

పెరటితోట చుట్టూ పొట్టి రాతిగోడ, దానికి ఆనుకుని బయట గట్టు, గట్టు మీద పొద. ఆ పొదలో ఒక మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. వానకోటు. మెడకి మఫ్లరు. కళ్లకి దుర్భిణి. తోటలోకి చూస్తూ, చిన్న పుస్తకంలో రాసుకుంటూ తనలో తాను గొణుక్కుంటున్నాడు. మేం పిల్లుల్లా దగ్గరికెళ్లాం. నేను పిల్లిలా వెళ్లాను. పాబ్‌జాయ్ పూలకుండీని తన్నాడు. ఆ మనిషి వినలేదు.

"మూడు గంటలు" అని గొణిగాడు అతను. "రెండు నల్లవి లోపలికి వెళ్లాయి. ఒకటి గోడమీద కాపలా. ఆడది ఇంకా రాలేదు."

పాబ్‌జాయ్ నా చెయ్యి నలిపేశాడు. "ముఠా! విన్నావా? ఆడమనిషి కూడా ఉంది!"

"మెరిసేదాని దగ్గరికి మాత్రం వెళ్లడం లేదు" అన్నాడు అతను, పెన్సిలు నాలుకకి తడుపుకుంటూ. "భయపడుతున్నాయి. చీకటి పడ్డాక చూడాలి."

"మెరిసేది!" పాబ్‌జాయ్ కళ్లు ఆ దుర్భిణి అద్దాలకన్నా పెద్దవయ్యాయి. "హ్యూబర్ట్, చరిత్ర నిన్ను నా పక్కన నిలబడినవాడిగా గుర్తుంచుకుంటుంది."

"వద్దు, కత్‌బర్ట్..."

అప్పటికే ఎగిరాడు. "రాణిగారి పేరు మీద లొంగిపో!" అని అరుస్తూ అరవయ్యేడేళ్ల తూనికల ఇన్‌స్పెక్టరు గాల్లోకి లేచాడు. తూకంలో మాత్రం లెక్క తప్పాడు. ఆ మనిషి చప్పుడుకి పక్కకి దొర్లాడు. పాబ్‌జాయ్ అతని మీదుగా, పొద మీదుగా, గోడ మీదుగా తోటలోకి వెళ్లిపోయాడు. అవతల ఏదో పెళపెళ విరిగింది. తర్వాత పర్రుమని చిరిగింది. ఆ తర్వాత ఒక పొలికేక.

"పొడిచాడు! హ్యూబర్ట్, నన్ను వెనకనుంచి పొడిచేశాడు!"

గోడ దూకి చూద్దును కదా, స్ట్రాబెర్రీ మడి మధ్యలో, మడిమీద కప్పిన వలలో చిక్కుకుని, చేపలా కొట్టుకుంటున్నాడు పాబ్‌జాయ్. నేలంతా పళ్ల కింద పరిచిన ఎండుగడ్డి. అతని ప్యాంటు వెనకభాగంలో ఎనిమిది కొనల వెండి తార గుచ్చుకుని ఎండకి ధగధగలాడుతోంది.

మూలన వెదురు కుర్చీలో ముసలాయన ఒకరు నిద్రలేచారు. చేతికర్ర వెతుక్కుని, కళ్లజోడు సర్దుకుని, కాసేపు ఆ దృశ్యాన్ని పరిశీలించారు.

"ఎవరయ్యా మీరు?" అన్నారు మా ఎల్డర్‌విక్ ప్రభువు. "నా దిష్టిబొమ్మ మీద ఎందుకు కూర్చున్నారు?"

నేను తారని ఊడదీశాను. పాబ్‌జాయ్ ఇంకోసారి అరిచాడు. గొడవ విని కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు, వెనక డోర్కాస్. గోడ మీదుగా వానకోటు మనిషి కూడా తొంగిచూశాడు. మఫ్లరు జారి లోపలి తెల్ల కాలరు కనపడింది. పదిహేను రోజుల క్రితం మా చర్చికి వచ్చిన చిన్న పాదిరీగారు, సెప్టిమస్ లమ్లీ.

"క్షమించండి" అన్నాడాయన. "నేను నల్లపిట్టల్ని చూస్తున్నానంతే. ఆ మెరిసే రేకుముక్కంటే అవి భలే భయపడుతున్నాయి. పొద్దున్నే రాసుకున్నాను."

"రేకుముక్కా!" కెప్టెన్‌కి ఊపిరాడలేదు. "పెదనాన్నా! గార్టర్ తారని పిట్టల్ని తోలడానికి కట్టారా?"

"మరేం చెయ్యను లయనెల్? వల కిందనుంచి కూడా దూరుతున్నాయి. అన్నీ కట్టి చూశాను. డాక్టరు పట్టాల పతకాలు పదకొండూ కట్టాను. లెక్కచెయ్యలేదు. ఆ ఏనుగు ఉందే, దాని మీదెక్కి కూర్చుని పాట పాడింది ఒకటి. ఇదొక్కటే, ఎటు తిరిగినా మెరుస్తుంది. వారంనుంచీ పొద్దున్నే తెచ్చి కడుతున్నాను, సాయంత్రం ఆరింటికి మళ్లీ బీరువాలో పెట్టేస్తున్నాను. ఎవరికీ నష్టం లేదు."

"తాళంచెవి?"

"నగరాలవాళ్లిచ్చిన ఆ ఏడు చెవుల మధ్య తగిలించాను. అక్కడైతే ఎవరూ ముట్టుకోరని." ఆయన గొంతు తగ్గించారు. "రేపు ఊళ్లో స్ట్రాబెర్రీ పళ్ల పోటీ, లయనెల్. పదకొండేళ్లుగా పాల్గొంటున్నాను. మొదటి బహుమతి ఒక్కసారీ రాలేదు. ఏటా రెండోదే."

అప్పటికి గాని ఆయన కళ్లు డోర్కాస్ మీద పడలేదు. టోపీ, చేతిసంచి, బయటికెళ్లే బూట్లు.

"మిసెస్ మన్, ఎక్కడికి బయల్దేరారు?"

నేనే చెప్పాను. అంతా చెప్పాను, పెట్టె సంగతితో సహా. వింటున్నంతసేపూ దొరగారు కర్ర మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డారు. గుండె ఏమీ ఆగలేదు. ముఖం మాత్రం ఎర్రబడింది. దేశాల్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టిన మనిషి ఎలా ఉండేవాడో ఆ క్షణంలో చూశాను.

"లయనెల్. ఆవిడకి చెప్పు."

కెప్టెన్ మడమలు కలిపాడు. "జరిగినదానికి చింతిస్తున్నాను, మిసెస్ మన్."

"ఇక్కడ కాదు బాబూ" అంది డోర్కాస్ నెమ్మదిగా. "నన్ను పొద్దున వంటింట్లో, వంటామె ముందూ పనిపిల్ల ముందూ దొంగన్నారు. అక్కడ చెప్పండి."

అందరం వంటింటికి నడిచాం. కెప్టెన్ అక్కడ, ఉడుకుతున్న బఠానీల ఆవిరిలో నిలబడి, తను పొరపాటు పడ్డాననీ, మిసెస్ మన్ ఈ ఇంటికి దొరికిన అందరికన్నా నిజాయితీపరురాలనీ వినబడేలా చెప్పాడు. ఆవిడ తల ఊపి, టోపీ తీసి మేకుకి తగిలించింది. మేకుకి తగిలించాక గానీ ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. దొరగారు పెట్టె ఒక చివర పట్టుకున్నారు. కెప్టెన్ అడ్డం వచ్చాడు, ఆయన కర్రతో తప్పుకోమన్నారు. రెండో చివర పాబ్‌జాయ్ పట్టుకున్నాడు. మూడంతస్తుల మెట్లు. ఎనభై అయిదేళ్ల ప్రభువు ముందూ, కూర్చోలేని డిటెక్టివ్ వెనకా.

దిగి వచ్చాక పాబ్‌జాయ్ గొంతు సవరించుకున్నాడు.

"గడ్డిపోచ చూసినప్పుడే నాకు తోట స్ఫురించింది. కాని నేరస్తుణ్ణి నమ్మించడానికి గుర్రమన్నాను."

"నిజమే" అన్నారు దొరగారు మర్యాదగా. "మీరు లేకపోతే కేసు తేలేది కాదు. ఆరింటికి నేను తార బీరువాలో పెట్టేసేవాణ్ణి. అసలు పోయిందనే నాకు తెలిసేది కాదు."

పాబ్‌జాయ్ దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు. అతనికి మెప్పు, విమర్శ ఒకే తక్కెడలో ఒకే తూకం.

అప్పుడు పెరట్లోంచి లమ్లీగారి కేక వినిపించింది. సంతోషంతో కేక. "పదకొండు! పదకొండు నల్లపిట్టలు! ఆడది కూడా వచ్చేసింది!"

మేం వెళ్లేసరికి పండగ అయిపోయింది. తార నా చేతిలో ఉంది. వలలో పాబ్‌జాయ్ ఆకారంలో పెద్ద కన్నం. దాని గుండా వచ్చిన అతిథులు మడి మొత్తం ఊడ్చి, గోడమీద వరసగా కూర్చుని ముక్కులు తుడుచుకుంటున్నాయి. దొరగారు వంగి, ఆకుల కింద చాలాసేపు వెతికారు. ఒక్క పండు దొరికింది. దాన్ని జేబురుమాలుతో తుడిచారు.

పదకొండేళ్ల ఆశ ఆయన అరచేతిలో ఉంది. కెప్టెన్ తల వంచుకున్నాడు. పాబ్‌జాయ్ కూడా మొదటిసారి నోరు మూసుకున్నాడు. దొరగారు నడిచివెళ్లి ఆ పండు డోర్కాస్‌కి ఇచ్చారు.

"పోటీ మీతోనే సరిపెడదాం, మిసెస్ మన్. నిజం చెప్పండి."

ఆవిడ నెమ్మదిగా నమిలింది. ఒక కన్ను కొంచెం మూసుకుంది. మింగింది.

"పులుపు, అయ్యగారూ."

"అయితే ఈసారి కూడా రెండో బహుమతే వచ్చేదంటారా?"

ఆవిడ ఆలోచించింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ ఇంట్లో ఒక్క అబద్ధం చెప్పని మనిషి.

"మూడోది" అంది.

దొరగారు గోడకి ఆనుకుని, పిట్టలన్నీ బెదిరి ఎగిరిపోయేంతగా నవ్వారు.